మైదాన ఆదివాసీకి ఒక మైకు కావాలి

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు నేను బంటుమిల్లిలోనే ఉన్నాను. రెండు మూడు రోజుల ముందు నుంచే టీవీలన్నీ దాని గురించే చెప్తున్నాయి. మా వైపు మైకు కట్టిన ఆటో కూడా తిరిగింది. కానీ ఆ ఆటో తారు రోడ్డు ఉన్నంతవరకే తిరిగింది. కాలువ గట్టు మీదకి రాలేదు. చెరువుల మధ్యకి అసలే రాలేదు.

మా చిన్నాన్న, పిన్ని, వాళ్ల ఇద్దరు పిల్లలు అప్పుడు ఊరికి దూరంగా ఒక రొయ్యల చెరువు మీద కాపలా ఉన్నారు. గట్టు మీద పాక, పైన టార్పాలిన్ పట్టా. ఉన్న ఒక్క ఫోనుకి రీచార్జి అయిపోయి ఇన్‌కమింగ్ కూడా ఆగిపోయింది. చెరువు ఆసామి మనిషి వచ్చి ఏరియేటర్లు జాగ్రత్త అని చెప్పి వెళ్లాడంట. పిల్లల్ని తీసుకుని ఊళ్లోకి పొమ్మని మాత్రం చెప్పలేదు. వాన మొదలయ్యాక నేనూ, మా కాలనీ కుర్రాళ్లు ఇద్దరూ బురదలో నడుచుకుంటూ పోయి వాళ్లని తీసుకొచ్చాం. తెల్లారి చూస్తే ఆ పాకకి కప్పు లేదు. మనుషులు దక్కారు, అదే చాలనుకున్నాం.

డిసెంబరు 5న ఆ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కాస్త ఇటు జరిగి ఉంటే మా సంగతి ఏంటని నేను ఇప్పటికీ ఆలోచిస్తాను.

మా నాయనమ్మది దివిసీమ వైపు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన నుంచి బతికి బయటపడ్డ మనిషి. అప్పట్లో పోయినవాళ్ల లెక్క అధికారికంగానే పది వేలు దాటింది. గట్ల మీద, దిబ్బల మీద, పొలాల మధ్య పాకల్లో ఉన్న కూలీనాలీ జనానికి ఓట్ల జాబితాలోనే పేర్లు లేవు, ఇక శవాల లెక్కలో ఎంతమంది ఎక్కారో ఎవరు చెప్తారు? ఆ రోజు గురించి అడిగితే నాయనమ్మ గాలి ఎంత వేగంతో వచ్చిందో, అల ఎంత ఎత్తు లేచిందో చెప్పదు. "మాకు ఎవురూ చెప్పలేదమ్మా" అంటుంది. అంతే.

1977లో నాయనమ్మకి ఎవురూ చెప్పలేదు. 2023లో మా చిన్నాన్నకి ఎవరూ చెప్పలేదు. ఈ మధ్యలో నలభై ఆరేళ్లు గడిచాయి. ఉపగ్రహాలు వచ్చాయి, రాడార్లు వచ్చాయి, చేతికో ఫోను వచ్చింది. అయినా గట్టు మీద ఉన్న యానాది పాక దాకా మాట రావాలంటే ఇంకా మనిషే నడిచి రావాలి.

అందుకే ఈ వ్యాసం. మైదాన ప్రాంత ఆదివాసులకు సొంత రేడియో కావాలి. అది ఎవరో దయతలచి ఇచ్చే పథకం కాదు, మన హక్కు. దాన్ని అడగడానికి చట్టం ఉంది, తీర్పు ఉంది, మన తెలుగు నేల మీదే చేసి చూపించిన ఆడవాళ్లు ఉన్నారు. మనం ఇంకా ఎందుకు అడగలేదన్నదే నా ప్రశ్న.

మనం ఎవరం అనేది ముందు చెప్పుకోవాలి. ఎందుకంటే ఆదివాసీ అంటే అందరికీ అరకు, పాడేరు, ఉట్నూరు, భద్రాచలం గుర్తొస్తాయి. కృష్ణా డెల్టాలో ఆదివాసీ ఏంటి అని నన్ను కాలేజీలో అడిగినవాళ్లు ఉన్నారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో యానాదులు అయిదు లక్షల పైచిలుకు. నెల్లూరు నుంచి కృష్ణా, గోదావరి దాకా కాలువల వెంట, చెరువుల వెంట, సముద్రం ఒడ్డున ఉన్నాం. మాతోపాటు ఎరుకలోళ్లు ఉన్నారు, సుగాలీలు ఉన్నారు. పాత కృష్ణా జిల్లాలో ఎస్టీలందరినీ కలిపినా జనాభాలో మూడు శాతం లోపే. ఏ ఊళ్లో చూసినా ఓ పది ఇళ్లు, ఓ ఇరవై ఇళ్లు. ఓట్ల లెక్కలో మేం ఎవరికీ పెద్దగా కనపడం.

కొండల మీది అన్నలకీ అక్కలకీ అయిదో షెడ్యూలు ఉంది, 1/70 చట్టం ఉంది, పెసా ఉంది. అవి సరిగ్గా అమలు కావడం లేదని వాళ్లు పోరాడుతున్నారు, ఆ పోరాటంలో మేం వాళ్ల వెంటే ఉంటాం. కానీ మైదానంలో ఉన్న మాకు ఆ చట్టాలు కాగితం మీద కూడా లేవు. మా ఊళ్లు షెడ్యూల్డ్ ఏరియా కాదు. యానాదుల కోసం ఐటీడీఏ నెల్లూరులో ఉంది. బంటుమిల్లి నుంచి నెల్లూరు పోయి రావాలంటే రెండు రోజుల కూలి పోతుంది, చార్జీలు అదనం. కుల ధ్రువీకరణ పత్రం కోసం ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చదువు మానేసిన పిల్లలు మా కాలనీలో ఉన్నారు. చెరువు కాపలాకి అడ్వాన్సు తీసుకుని, అది తీరక, ఏళ్ల తరబడి ఆ గట్టు మీదే ఉండిపోయిన కుటుంబాలు ఉన్నాయి. అప్పు కింద మనిషిని కట్టిపడేయడం నేరమని 1976లోనే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం చెప్పింది. ఆ చట్టం ఉందన్న సంగతి గట్టు మీద ఉన్నవాడికి ఎవరు చెప్పాలి? పేపరు చదవలేడు. టీవీ లేదు. ఎవరైనా అధికారి వస్తే ఆసామి పక్కనే నిలబడి ఉంటాడు.

ఇక మన గురించి బయట ఏం మాట్లాడతారో చూడండి. స్టువర్టుపురం పేరు చెప్పగానే జనానికి దొంగలే గుర్తొస్తారు. బ్రిటిషోడు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చాడు, ఎరుకల కుటుంబాల్ని సెటిల్‌మెంట్లలో పెట్టి రోజూ హాజరు వేయించాడు. స్వతంత్రం వచ్చిన అయిదేళ్లకి, 1952లో ఆ చట్టం రద్దయింది. చట్టం పోయినా ఆ ముద్ర పోలేదు. 1991లో వచ్చిన చిరంజీవి సినిమా పేరులో స్టువర్టుపురం ఉంది. 2023లో అదే ఊరి దొంగ కథ మీద మళ్లీ పెద్ద సినిమా వచ్చింది. అక్కడి నుంచి చదువుకుని టీచర్లయినవాళ్ల కథ, ఉద్యోగాల్లో చేరినవాళ్ల కథ ఎవరూ తియ్యలేదు. యానాదుల సంగతి ఇంకా అన్యాయం. సినిమాలో మేం ఉంటే ఎలుకలు పట్టేవాళ్లుగా ఉంటాం, అదీ నవ్వించడానికి. వరి చేలో ఎలుక తినే గింజని కాపాడే పని అదని, కుండలో పొగ పెట్టి బొరియలోకి ఊదడం ఒక విద్య అని ఎవరికీ పట్టదు.

మన మంచి కోరినవాళ్లు లేరని నేను అనను. వెన్నెలకంటి రాఘవయ్య గారు ఆ రోజుల్లోనే యానాదుల మధ్య తిరిగి, యానాదుల మీద పుస్తకం రాసి, జీవితమంతా పని చేశారు. ఆయనకి చేతులెత్తి దండం పెడతాను. కానీ మన తరఫున మాట్లాడినవాళ్లు ఎంత మంచివాళ్లయినా, ఆ మాట వాళ్లదే అవుతుంది. మన గొంతుతో మనం మాట్లాడిన చోటు ఇంతవరకు ఒక్కటీ లేదు.

సరే, రేడియో మనకి ఎలా వస్తుంది?

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. క్రికెట్ మ్యాచ్‌ల ప్రసారం మీద వచ్చిన కేసు అది. జస్టిస్ పి.బి. సావంత్, మన తెలుగువాడే అయిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఆ ధర్మాసనంలో ఉన్నారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని, ప్రభుత్వం ఒక్కదాని సొత్తు కాదని ఆ తీర్పు తేల్చింది. అంటే మన పాక మీద నుంచి పోయే తరంగంలో మనకీ వాటా ఉంది. చెరువు మీద, దిబ్బ మీద, కాలువ మీద మన హక్కులు ఒక్కొక్కటీ పోయాయి. ఈ ఒక్క ఆస్తిలో మాత్రం నీకూ భాగం ఉందని దేశంలో పెద్ద కోర్టు చెప్పింది. ముప్పై ఏళ్లయినా మనం ఆ భాగం అడగలేదు.

తీర్పు వచ్చినంత మాత్రాన దారి తెరుచుకోలేదు. 2002లో కేంద్రం కమ్యూనిటీ రేడియో విధానం తెచ్చి, పెద్ద విద్యాసంస్థలకే అనుమతి అంది. అదే సంవత్సరం కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల ఆడవాళ్లు 'మన రేడియో' అని చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టుకున్నారు. దాని మాట ఊరు దాటి పోదు. అయినా 2003లో లైసెన్సు లేదని అధికారులు వచ్చి పరికరాలు పట్టుకుపోయారు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం పట్టుకుని ఊరి ఆడవాళ్ల రేడియో మూయించిన దేశం మనది. ఈ సంగతి మన ఆంధ్రలోనే జరిగిందని మనలో ఎంతమందికి తెలుసు?

జహీరాబాద్ దగ్గర మాచనూరులో ఇంకో కథ నడిచింది. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు 1998 నాటికే స్టేషన్ కట్టుకున్నారు. చిరుధాన్యాల విత్తనాలు దాచుకుని సేద్యం చేసుకునే రైతు ఆడవాళ్లు వాళ్లు. పాటలు, మాటలు, విత్తనాల సంగతులు అన్నీ రికార్డు చేసుకున్నారు. గాలిలోకి పంపడానికి మాత్రం అనుమతి రాలేదు. పదేళ్లు ఆగారు. ఆ పదేళ్లూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. క్యాసెట్లు సంఘం మీటింగుల్లో వినిపించుకున్నారు. 2006 నవంబరులో ప్రభుత్వం విధానం మార్చి స్వచ్ఛంద సంస్థలకు, ప్రజా సంఘాలకు తలుపు తీసింది. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారం మొదలైంది. ప్రారంభించింది ఎవరో తెలుసా? 1995 తీర్పు ఇచ్చిన జస్టిస్ సావంతే. దాన్ని నడిపినవాళ్లలో ఇద్దరి పేర్లూ నర్సమ్మే, ఒకరు జనరల్ నర్సమ్మ, ఇంకొకరు అల్గోల్ నర్సమ్మ. వాళ్లు తమ యాసలో మాట్లాడారు. రేడియో భాష నేర్చుకోలేదు, రేడియోకే తమ భాష నేర్పారు.

ఇది చదువుతున్న నా యానాది తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక్క సంగతి గమనించండి. ఆ అక్కలు డిగ్రీలు చేసినవాళ్లు కాదు. మనలో ఇప్పుడు డిగ్రీలు ఉన్నవాళ్లు ఉన్నారు.

కమ్యూనిటీ రేడియో అంటే ఏంటో సూటిగా చెప్తాను. 100 వాట్ల చిన్న ఎఫ్‌ఎం స్టేషన్. 30 మీటర్ల దాకా ఎత్తుండే టవర్. మాట మామూలుగా 10, 15 కిలోమీటర్లు పోతుంది. మనది కొండలు లేని చదును నేల, మధ్యలో అడ్డం ఏమీ ఉండదు. బంటుమిల్లిలో పెడితే ఇటు కృత్తివెన్ను వైపు, అటు పెడన, ముదినేపల్లి వైపు చాలా గట్లకి వినపడుతుంది. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా, స్థానికులతోనే తయారు కావాలి. స్థానిక భాషలో, యాసలో ఉంటే మంచిదని నిబంధనల్లోనే ఉంది. పెట్టుకోవాలంటే లాభాపేక్ష లేని సంస్థ అయి ఉండాలి, కనీసం మూడేళ్లు సమాజంలో పని చేసి ఉండాలి.

2024 ఫిబ్రవరిలో నిబంధనలు కొంచెం సడలించారు. అనుమతి గడువు పదేళ్లకి పెంచారు. గంటకి 12 నిమిషాల దాకా ప్రకటనలు వేసుకోవచ్చన్నారు. ప్రభుత్వ ప్రకటనల రేటు పది సెకన్లకి 52 రూపాయల నుంచి 74 చేశారు. సలహా కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలన్నారు. అప్పటికి దేశంలో 481 కమ్యూనిటీ రేడియోలు ఉన్నాయని కేంద్రమే చెప్పింది. ఇంత పెద్ద దేశానికి 481. అందులో చాలా భాగం కాలేజీల ప్రాంగణాల్లో ఉన్నాయి. కాలేజీ రేడియో చెడ్డదని నేను అనను. కానీ ఇంజనీరింగ్ కాలేజీకి రేడియో సులువుగా వచ్చి, కాలువ గట్టుకి రాకపోతే ఆ పేరులో కమ్యూనిటీ ఎక్కడుంది?

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్నలకి వస్తాను. మా కాలనీలో ఈ మాట ఎత్తినప్పుడు మొదట మావాళ్లే అడిగారు.

"ఇప్పుడు అందరి చేతిలో ఫోను ఉంది, యూట్యూబ్ ఉంది, రేడియో ఎందుకు?" చిన్నాన్న ఫోను సంగతి పైన చెప్పాను. రీచార్జి ఉంటేనే ఫోను. కూలి దొరకని నెలలో ఇంట్లో మొదట ఆగేది రీచార్జే. ఇంటికి ఒక ఫోను ఉంటే అది మగాడి జేబులో ఉంటుంది, ఆడవాళ్లకి, ముసలోళ్లకి చేతికి రాదు. యూట్యూబ్‌లో మనం ఒక వీడియో పెడితే దాని పక్కనే పది సినిమా వీడియోలు వస్తాయి. మన మాట మన గట్టుకి చేరుతుందన్న నమ్మకం లేదు. తుపానులో కరెంటు పోతే కాసేపటికి సెల్ టవర్ కూడా పోతుంది. రెండు బ్యాటరీల రేడియో మాత్రం పని చేస్తూనే ఉంటుంది. స్టేషన్‌కి ఒక జనరేటరో, సోలార్ పలకలో ఉంటే చాలు. ఫోను వద్దని నేను చెప్పట్లేదు. ఫోనుకి తోడు రేడియో కావాలంటున్నాను.

"డబ్బులు ఎక్కడివి?" న్యాయమైన ప్రశ్న. స్టేషన్ పెట్టాలంటే లక్షలు కావాలి. పెట్టడం కన్నా నడపడం కష్టం. కరెంటు బిల్లు, రిపేర్లు, పని చేసే ఇద్దరు ముగ్గురికి జీతం. అనుమతి తెచ్చుకుని డబ్బుల్లేక మూగబోయిన స్టేషన్లు కూడా ఉన్నాయి, ఆ మాట దాచను. కానీ మన పేరు మీద డబ్బు లేదా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లోనే ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. మన జనాభా వాటా నిధులు మన కోసమే ఖర్చు పెట్టాలి. ఆ నిధుల్లో నుంచి అందరూ నడిచే రోడ్డు వేసి ఎస్టీలకి ఖర్చు పెట్టామని రాసుకున్నప్పుడు అభ్యంతరం రాలేదు. అందులో నుంచి మైదాన ప్రాంతంలో ఒక్క ఆదివాసీ రేడియో పెట్టమంటే ఎందుకు రావాలి?

"ఎవరో ఒక ఎన్జీవో పెట్టి మన పేరు వాడుకుంటే?" ఈ భయం నాకూ ఉంది. మన ఫొటోలు పెట్టుకుని, మనల్ని లబ్ధిదారులు అని పిలిచి, చివరికి మైకు ముందు వాళ్లే కూర్చునే రకం మనం చూశాం. అందుకే లైసెన్సు మన సంఘం పేరు మీదే ఉండాలి. సాయం చేసేవాళ్లు చేయొచ్చు, పరికరాలు నేర్పొచ్చు, కాగితాలు రాసిపెట్టొచ్చు. ఏం మాట్లాడాలన్నది మాత్రం మన కమిటీ తేల్చాలి. ఆ కమిటీలో సగం ఆడవాళ్లు ఉండాలని నిబంధనే చెప్తోంది కాబట్టి మన మగపెద్దలు కూడా కొంచెం జరిగి కూర్చోవాలి.

ఇంకో ముఖ్యమైన గొడవ ఉంది. కమ్యూనిటీ రేడియోలో సొంత వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి వార్తల్ని ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు, స్థానిక భాషలోకి మార్చి చదవచ్చు, అంతే. వాతావరణం, ప్రకృతి విపత్తులు, పరీక్షలు, ఉద్యోగాలు, కరెంటు, నీళ్ల సమాచారం చెప్పడానికి అడ్డు లేదు. అంటే తుపాను వస్తోందని చెప్పొచ్చు. తుపాను సాయం మా గట్టుకి రాలేదని చెప్తే అది వార్త కింద లెక్క కడతారేమో! ఎవరి ఇల్లు కూలింది, ఎవరికి పరిహారం రాలేదు, ఏ చెరువు మీద ఎవర్ని కట్టిపడేశారు అనేది చెప్పుకోవడానికి కాకపోతే మనకి గొంతు దేనికి? ప్రైవేటు టీవీలకి ఇరవై నాలుగు గంటలూ వార్తలు చెప్పే హక్కు ఇచ్చి, 15 కిలోమీటర్లు వినపడే ఊరి రేడియోని చూసి భయపడటం ఏంటి? ఈ నిబంధన పోవాలి. అది పోయేదాకా, ఉన్నంతలోనే చట్టం గురించి, హక్కుల గురించి, పథకాల గురించి చెప్పుకోవచ్చు. వెట్టిచాకిరీ చట్టం ఏం చెప్తోందో చదివి వినిపించడం వార్త కాదు, చదువు.

ప్రపంచంలో మనలాంటి జనం ఏం చేశారో కూడా తెలుసుకోవాలి. న్యూజిలాండ్‌లో మావోరీలు తమ భాష తమ నిధి అని, దాన్ని కాపాడే బాధ్యత ప్రభుత్వానిదేనని 1980ల్లో ట్రిబ్యునల్‌కి వెళ్లారు. 1986లో ట్రిబ్యునల్ వాళ్ల పక్షాన చెప్పింది. ఆ పోరాటం కోర్టుల్లో, వీధుల్లో సాగి సాగి 2004లో మావోరీ టెలివిజన్ వచ్చింది. కెనడాలో 1999 నుంచి ఆదివాసులకి దేశమంతా కనపడే సొంత టీవీ ఉంది. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఆదివాసులు 1980లో రేడియోతో మొదలుపెట్టి టీవీ దాకా వెళ్లారు. 2007లో ఐక్యరాజ్యసమితి ఆదివాసీ హక్కుల ప్రకటన చేసింది. దాని 16వ అధికరణం ఆదివాసులకి సొంత భాషలో సొంత ప్రసార సాధనాలు పెట్టుకునే హక్కు ఉందంటుంది. భారతదేశం ఆ ప్రకటనకి అనుకూలంగా ఓటేసింది. న్యూయార్క్‌లో ఓటేసినవాళ్లకి బంటుమిల్లి గట్టు మీద ఆ మాట గుర్తుచేయాల్సింది మనమే.

టీవీ మాటకొస్తే నాకు శ్రీహరికోట గుర్తొస్తుంది. రాకెట్లు ఎగిరే ఆ దీవి యానాదుల నేల. 1969లో ఆ చోటు ఎంచుకున్నాక, అక్కడ అడవి మీద, సరస్సు మీద బతికిన మన చాలా కుటుంబాలు లేచి పోవాల్సి వచ్చింది. 2004 సెప్టెంబరు 20న అక్కడి నుంచే ఎడ్యుశాట్ ఎగిరింది, దేశమంతా పాఠాలు ప్రసారం చేయడానికి. గొప్ప పనే. కానీ ఆ నేల వదిలిపోయిన యానాది పిల్లలకి తమ తాతల కథ చెప్పే ఒక్క కార్యక్రమం ఏ చానల్లోనైనా వచ్చిందా? మన నేల మీద నుంచి ఆకాశంలోకి అన్నీ పోయాయి, మన మాట తప్ప.

మన దేశంలో కమ్యూనిటీ టీవీకి కమ్యూనిటీ రేడియో లాంటి లైసెన్సు విధానమే లేదు. అది కూడా అడగాలి. ఈలోగా దారులు లేకపోలేదు. కర్ణాటకలో కోలారు వైపు బూదికోటెలో రేడియో లైసెన్సు దొరకని రోజుల్లో ఊరివాళ్లు తమ కార్యక్రమాల్ని టీవీ కేబుల్ తీగలోనే ఇళ్లకి పంపారు. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వరలో గోండు జనం మామూలు ఫోను నుంచే తమ సమస్య రికార్డు చేస్తే, మిగతావాళ్లు ఫోను చేసి విన్నారు. ఆదిలాబాద్ ఆకాశవాణి గోండీలో కార్యక్రమాలు ఇచ్చింది. మరి 1948 నుంచి నడుస్తున్న విజయవాడ ఆకాశవాణిని యానాదులకి, ఎరుకలకి వారానికి ఒక గంట ఇవ్వమని, ఆ గంటలో మమ్మల్నే మాట్లాడనివ్వమని మనం ఎందుకు అడగకూడదు?

మన రేడియోలో ఏం వస్తుందని అడిగితే నా దగ్గర పెద్ద జాబితా ఉంది. పొద్దున గాలి ఎటు తిరిగిందో, వేటకి పోవచ్చో లేదో. ఏ ఆఫీసులో ఏ రోజు కుల పత్రాల దరఖాస్తు తీసుకుంటారో. పాము కరిస్తే నాటు మందుతో ఆపకుండా విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆస్పత్రికి ఎలా చేరాలో. కొర్రమీను, బొమ్మిడాయి, మట్టగిడస ఒకప్పుడు ఏ కాలువలో దొరికేవో, ఇప్పుడు ఎందుకు దొరకవో మన ముసలోళ్లే చెప్పాలి. ఎరుకల పిల్లలు తమ ఇంటి భాషలో కథ చెప్పాలి. ఆ భాష ఇంట్లో మాట్లాడితే ఎవరైనా వింటారేమోనని సిగ్గుపడే పిల్లలు నాకు తెలుసు. ఒకసారి రేడియోలో వస్తే ఆ సిగ్గు పోతుంది. మా నాయనమ్మ ఉప్పెన రోజు సంగతి తనకి తానుగా చెప్పాలి. ఆమెకి ఎనభై దాటాయి. ఎవరి లైసెన్సు కోసమూ ఆమె పదేళ్లు ఆగలేదు.

అందుకే రేపటి నుంచే చేయాల్సిన పని చెప్పి ముగిస్తాను.

ముందు సంఘం రిజిస్టర్ చేసుకుందాం. మూడేళ్ల అనుభవం కావాలని నిబంధన ఉంది కదా, ఆ మూడేళ్లు ఈ రోజు మొదలైతేనే ఎప్పటికైనా పూర్తవుతాయి. బంటుమిల్లి, కృత్తివెన్ను, పెడన, నాగాయలంక, కోడూరు వైపు ఎస్టీ కాలనీల నుంచి ఇద్దరిద్దరు రండి, ఒకరు అబ్బాయి, ఒకరు అమ్మాయి. ఉన్న ఫోనుతోనే పెద్దోళ్ల మాటలు రికార్డు చేద్దాం. నెలకి ఒకసారి ఏదో ఒక కాలనీలో చిన్న స్పీకరు పెట్టి అందరం కూర్చుని విందాం. మాచనూరు అక్కలు క్యాసెట్లతో చేసింది అదే. ప్రతి తుపాను కాలానికి ముందు ఏ చెరువు మీద ఎవరు కాపలా ఉన్నారో మన దగ్గర ఒక కాగితం ఉండాలి. రేడియో వచ్చేదాకా ఆ కాగితం, మన కాళ్లే రేడియో.

ప్రభుత్వాన్ని మూడు అడుగుదాం. ఉప ప్రణాళిక నిధులతో మైదాన ప్రాంత ఆదివాసీ సంఘాలకి రేడియో పెట్టుకునే సాయం. విజయవాడ ఆకాశవాణిలో వారానికి ఒక గంట. సొంత వార్తల మీద నిషేధం ఎత్తివేత. వినతిపత్రం ముసాయిదా నేను రాస్తున్నాను. చదివి, తప్పులు దిద్ది, మీ ఊరి సంతకాలు పెట్టించి పంపండి. వేలిముద్ర అయినా పర్వాలేదు.

మళ్లీ తుపాను వస్తుంది. అది వచ్చే దారిలోనే మనం ఉన్నాం, ఎక్కడికీ పోం. ఈసారి గట్టు మీద ఉన్న పాకలోకి మన యాసలో, మన మనిషి గొంతు వెళ్లి, "చిన్నాన్నా, పిల్లల్ని తీసుకుని లెగు" అని చెప్పాలి.

జోహార్ ఆదివాసీ అమరులకు. జై ఆదివాసీ! జై భీమ్!